మా బావ ఎక్కిన కుర్చీ

మా బావ సైదయ్యకు కుర్చీ మీద ఉన్నంత ప్రేమ మా అక్క మీద లేదు. ఈ మాట నేను అనడం లేదు, మా ధనలక్ష్మి అక్కే అంటుంది, అదీ ఆయన ఎదురుగానే. పెళ్ళిపందిట్లో అడుగు పెట్టగానే ఆయన కళ్ళు పెళ్ళికొడుకు కోసం వెతకవు. ముందు వరసలో ఖాళీ కుర్చీ ఎక్కడుందా అని వెతుకుతాయి. చావుకు పోయినా అంతే. చుట్టాలంతా శవం చుట్టూ నిలబడి ఏడుస్తుంటే మా బావ టెంటు కింద ఫ్యాను పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళు తనను చూశారా లేదా అని చూస్తుంటాడు.

ఆయన చేసింది సాగర్ ఎడమ కాలువ మీద లస్కరు ఉద్యోగం. అంటే తూము దగ్గర షట్టరు ఎత్తడం, దించడం, గట్టు మీద తిరిగి గండ్లు పడకుండా చూసుకోవడం. ఎండనకా వాననకా తిరగాల్సిన పని, తిరిగేవాళ్ళకు అందులో గౌరవమే ఉంది. మా బావ మాత్రం తిరగలేదు. మిర్యాలగూడ అవతల ఒక తూము పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళు అందని చివరి భూముల రైతులు వస్తే నిలబెట్టి మాట్లాడేవాడు. నీళ్ళెప్పుడు వదలాలో చెప్పేది పై ఆఫీసర్లు. ఈయన చేతిలో ఉన్నది షట్టరు తిప్పే ఇనుప చక్రం ఒక్కటే. అయినా "సూద్దాం తియ్" అనేవాడు, నీళ్ళు తన జేబులోంచి తీసి ఇస్తున్నట్టు. పాపం రైతులు "సార్, సార్" అనేవాళ్ళు. ఆ మాట తాగీ తాగీ మా బావకు పొట్ట వచ్చింది.

రిటైరయ్యాక సూర్యాపేటలో ఇల్లు కట్టుకుని గేటు లోపల ఒక కుర్చీ వేసుకున్నాడు. దారిన పోయేవాళ్ళు దండం పెట్టకపోతే ఆ రోజు అన్నం సయించదు. గొర్రెల పెంపకందార్ల సంఘానికి ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. గొర్రె అనేది ఆ ఇంటి గడప తొక్కేది ఆదివారం పూట నల్ల కవర్లోనే, అయినా ఉపాధ్యక్షుడు. నాకు కోదాడలో ఫ్లెక్సీలు కొట్టే షాపు ఉంది కాబట్టి ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీలన్నీ నా మిషను మీదే పుడతాయి. "నానీ, కుర్సీ మొత్తం పడాలె. చేతులు పెట్టే కాడ సింహాలున్నయ్, అవి కట్ చేయకు" అని ఫోన్లో చెబుతాడు. మొహం కట్ చేసినా ఆయనకు పెద్దగా పట్టింపు ఉండదనుకుంటాను.

ఈ మనిషిని కన్న తల్లి బక్కమ్మ. నాకు అత్తమ్మ వరస. ఎనభైకి దగ్గర పడింది. మోకాళ్ళు అరిగిపోయేదాకా గొర్ల వెంట తిరిగింది. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని కొడుక్కి ఆ పేరు పెట్టుకుని, గొర్లమ్మి చదివించింది. తను తిరిగిన తిరుగుడు కొడుకు తిరగకూడదని ఆమె కోరిక. ఆ కోరిక మటుకు పూర్తిగా నెరవేరింది.

అత్తమ్మ పుట్టిన ఊరు తుంగతుర్తి వైపు పోతులగడ్డ. అక్కడొక గడి ఉంది, అంటే దొర కోట. అత్తమ్మ చిన్నతనంలో గొల్లవాడ వాళ్ళు పండుగ వచ్చినా, దొర ఇంటికి చుట్టం వచ్చినా వంతుల వారీగా గడికి పొట్టేలును తోలాలి. ఊరికే తోలాలి. అత్తమ్మ తండ్రి ముత్తయ్య తన వంతు తోలిన కొన్నాళ్ళకే దొర ఇంటికి మళ్ళీ చుట్టాలు దిగారు, మళ్ళీ మనిషి వచ్చాడు. మందలో మిగిలింది విత్తనపు పొట్టేలు ఒక్కటే. అది కూడా కోతకు పోతే గొర్లు చూడి కట్టవు, మరుసటేడు మందలో పిల్ల ఉండదు. ముత్తయ్య దాన్ని గుట్టుగా అత్తగారి ఊరికి తోలేసి, తోడేలు ఎత్తుకుపోయిందని చెప్పాడు.

దొరకు తెలిసిపోయింది. తన పొట్టేలును తాను దాచుకున్నందుకు ముత్తయ్య దొంగ అయ్యాడు. గడి వాకిట్లో వంగబెట్టి వీపు మీద బండ పెట్టించారు. తల్లి కొంగు పట్టుకుని బక్కమ్మ అదంతా చూసింది. పొద్దు వాలుతుండగా కుర్చీలో కూర్చున్న దొర ముత్తయ్య భార్యను పిలిచి, "నీ మొగడు దొంగ అని పదిమంది ఇనంగ అను, బండ దించుతరు" అన్నాడట. మొగుడి ప్రాణం కోసం ఆమె అంది. బండ దించారు. ముత్తయ్య నడుము మళ్ళీ నిటారు కాలేదు, ఆ మాట కూడా మళ్ళీ పోలేదు. దొర ఒక్కడే అని ఉంటే పగబట్టి అన్నాడనుకునేవాళ్ళు, పెళ్ళామే అన్నాక ఊరికి ఇంకేం కావాలి. దొంగ ముత్తయ్య, దొంగ ముత్తయ్య ఇల్లు, దొంగ ముత్తయ్య బిడ్డ. అత్తమ్మ పెళ్ళై పోయిన ఇంట్లో కూడా చెంబు కనపడకపోతే "దొంగ బిడ్డ గద" అని నవ్వేవాళ్ళట.

అత్తమ్మకు ఆస్తుల మీద ఆశ లేదు, నగల మీద లేదు. ఆ మాట ఎక్కడ పడిందో అక్కడే దాన్ని ఎవరైనా తీసేయాలి, చచ్చేలోపు అది వినాలి, అంతే. దొర చచ్చిపోయాడు, కొడుకులు ఎటో పోయారు, ఇక తీసేవాడెవడు అని వచ్చినవాళ్ళనల్లా అడిగేది. ఈ సంగతి మా ఇళ్ళలో అందరికీ తెలుసు. మా బావకు అందరికంటే బాగా తెలుసు, తల్లి చంకలో ఉన్నప్పటి నుంచి విన్నాడు. తెలియక చేశాడని తర్వాత ఎవరూ అనకుండా ఈ ముక్క ముందే చెబుతున్నాను.

మొన్న ఎండాకాలం సెలవులకు మా మేనల్లుడు ప్రవీణ్ హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. ఎక్కడికైనా పోదామన్నాడు. సాగర్ పోయి డ్యాము చూద్దామని అక్క అంది. "జిందగీ అంత ఆ నీళ్ళే సూసిన" అన్నాడు బావ, నీళ్ళలో నిలబడి చూసినట్టు. అప్పుడు ప్రవీణ్ ఫోన్లో పోతులగడ్డ గడిని చూపించాడు. హైదరాబాదు వాళ్ళెవరో కొని, సున్నాలేసి, పాతకాలపు పల్లె ఎలా ఉండేదో మనుషులకు వేషాలు కట్టి చూపిస్తున్నారట. టికెట్ కొనుక్కుని పోతే ఎడ్లబండి ఎక్కొచ్చు, రోలు దంచొచ్చు, సాయంత్రం దొర కచేరీ, అంటే దొర తీర్పు చెప్పే నాటకం, చూడొచ్చు. నానమ్మ ఊరే కదా అని వాడి సరదా. నన్ను కోదాడ నుంచి రమ్మన్నారు. బావకు ఫొటోలు తీసేవాడు కావాలి మరి.

కారులో బావ ముందు సీటు. వెనక అక్కకూ నాకూ మధ్య అత్తమ్మ కూర్చుంది.

"ఆ గడిల ఇప్పుడు ఎవలుంటున్నరు బిడ్డా?" అని మనవణ్ణి అడిగింది.

"ఎవ్వరుంటలేరు నానమ్మా. టికెట్ కొనుక్కొని మనసొంటోళ్ళే పోతున్నరు" అన్నాడు ప్రవీణ్.

"మా అయ్యను దొంగ అన్న కాడ ఒక్కసారి నిలబడాలె. ఆ మాట తీసేటోడు ఎవడన్న ఉన్నడో లేడో గాడ."

బావ వెనక్కి తిరక్కుండానే, "ఎప్పటి ముచ్చటనే అది. గాడ స్విమ్మింగ్ పూల్ ఉన్నదట, కాళ్ళు పెట్టుకొని కూసో, మోకాళ్ళకు మంచిగుంటది" అన్నాడు.

గడి దర్వాజా దగ్గర తలపాగాలు చుట్టుకున్న ఇద్దరు మనుషులు నడుము వంచి "దండాలు దొరా" అన్నారు. వచ్చిన ప్రతివాడికీ అలాగే అంటున్నారు, అది వాళ్ళ డ్యూటీ. మా బావ లోపలికి పోయి, ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుని, కారు దాకా వెనక్కి నడిచి, మళ్ళీ వచ్చాడు. మళ్ళీ దండం పెట్టించుకున్నాడు. మూడోసారి కూడా పోయేవాడే, అక్క చెయ్యి పట్టుకుని లాగింది.

అత్తమ్మ దర్వాజా ముందు ఆగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆమెను కూడా అక్కడ పనిచేసే మనిషే అనుకుని, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మా బావకు పరువు పోయింది.

"ఏసుకోవే చెప్పులు. అందరు సూస్తున్నరు."

"గడి ముంగట చెప్పులేస్కొని నడవొద్దు గద."

"ఇప్పుడెవడున్నడే గీడ."

"కాళ్ళకు తెల్వది బిడ్డా" అంది అత్తమ్మ. అలాగే ఉత్త కాళ్ళతో లోపలికి నడిచింది.

లోపల చూడాల్సిందే. గోచీలు పెట్టుకుని గొంగళ్ళు కప్పుకున్న మగవాళ్ళ కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. ఆండాలు అనే ఆవిడ కట్టెల పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది. ఒక రొట్టె అయిపోగానే ఫొటోల కోసం అదే రొట్టెను మళ్ళీ పెనం మీద వేస్తోంది. పొద్దున్నుంచీ అదే రొట్టె అయి ఉంటుంది. బందెలదొడ్డి అని బోర్డు పెట్టి లోపల ఏసీ గదులు కట్టారు. ఒకప్పుడు పశువులనూ, ఎదురు మాట్లాడిన మనుషులనూ కట్టేసిన చోట ఇప్పుడు కొత్త దంపతులకు ప్రత్యేక ప్యాకేజీ ఉందట. అక్క ఆ బోర్డు చదివి నా వంక చూసింది. తాతలు దెబ్బలు తిన్న చోట మనవలు డబ్బు కట్టి పడుకునే రోజులొచ్చాయి, మనమేం చేస్తాం.

ఎండ తగ్గాక వాకిట్లో కుర్చీలు వేశారు. ఎదురుగా అరుగు మీద ఎర్ర గుడ్డ పరిచి, నల్లటి చేవ కర్రతో చేసిన పెద్ద కుర్చీ ఒకటి పెట్టారు. చేతులు ఆనించే చోట నెమళ్ళున్నాయి. మా బావ దాన్ని చూసిన చూపు పెళ్ళిచూపుల్లో మా అక్కను కూడా చూసి ఉండడు. సంతోషి అనే అమ్మాయి మైకు పట్టుకుని, ఇది ఊళ్ళోని పెద్దమనుషులను అడిగి రాసుకున్న నిజమైన కథ అని చెప్పి, మీలో దొర వేషం ఎవరు వేస్తారని అడగడం మొదలుపెట్టింది. ఆ పిల్ల వాక్యం పూర్తికాకముందే మా బావ లేచి నిలబడ్డాడు. కుర్చీలోంచి ఆయన అంత తొందరగా లేవడం నేను చూడటం అదే మొదటిసారి.

వేషం వేసుకునే గదిలోకి ఆయన చొక్కా పట్టుకోవడానికి నేనూ పోయాను. జరీ కోటు తొడిగారు, తలపాగా పెట్టారు, దొర చెప్పాల్సిన మాటల కాగితం చేతికిచ్చారు. ఆయన చదివాక నేను తీసుకుని చదివాను. గొల్ల ముత్తిగాడు దొరగారి పొట్టేలును దాచి తోడేలు తిన్నదని అబద్ధం చెబుతాడు. దొర కనిపెడతాడు. జనం నవ్వాలి. "ముత్తిగాడు దొంగ, బండ పెట్టండి" అని దొర తీర్పు చెబుతాడు. జనం మళ్ళీ నవ్వాలి.

"బావా, ఇది అత్తమ్మ వాళ్ళ నాన్న కథ కదా" అన్నాను.

"ముత్తయ్యలు ఊరికి పదిమంది ఉంటరు."

"పొట్టేలును దాచి తోడేలు మీద పెట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"డ్రామరా ఇది. నువ్వు దీన్ని లొల్లి చేయకు. తలపాగా సక్కగున్నదా సూడు."

తలపాగా చక్కగానే ఉంది. దాని కింద ఉన్నదే బాగాలేదు. నేను బయటికొచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

కచేరీ మొదలైంది. తండా నుంచి రోజూ వచ్చే బిచ్చా అనే నటుడు ముత్తిగాడి వేషం వేశాడు. పడుతూ లేస్తూ, పొట్టేలులా అరుస్తూ జనాన్ని బాగా నవ్వించాడు. కడుపు కోసం చేస్తున్నాడు, అతన్నేమనలేం. జవాన్ల వేషంలో ఉన్నవాళ్ళు అతన్ని వంగబెట్టి, ఇద్దరు పట్టుకుని బరువుగా మోస్తున్నట్టు నటిస్తూ నల్లబండ తెచ్చి వీపు మీద పెట్టారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. బెల్లమిస్తామన్నా నవ్వని పెద్దమనుషులు కూడా నవ్వారు.

అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నానీ, ముత్తిగాడంటే మా అయ్యనేనా?"

అబద్ధం చెప్పాలని ఉంది కానీ నోరు రాలేదు. "అవునత్తమ్మా" అన్నాను.

"ఆ కుర్సీల ఉన్నది మా సైదులే గద?"

"అవును."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె మొహం వెలిగింది. "జాన్‌పహాడ్ సైదులు బాబనే కూసుండబెట్టిండు నా కొడుకును" అని, నా భుజం మీద చెయ్యి వేసి లేచి, అరుగు ముందుకు నడిచింది. ఇన్నేళ్ళుగా ఎవరిని అడగాలో తెలియని మాట అడగడానికి ఆ కుర్చీలో ఇప్పుడు తన కడుపున పుట్టినవాడే ఉన్నాడు. ఆమె లెక్క ఆమెది. అందులో తప్పేముంది.

"కొడుకా" అంది తలెత్తి, "ఆ కుర్సీల కూసోనే అన్నరు ఆ మాట. ఇప్పుడు నువ్వున్నవ్. ముత్తయ్య దొంగ కాడు అని ఒక్కసారి అను బిడ్డా. ఇంతమంది ఇంటున్నరు. నాకది సాలు."

జనం నవ్వు ఆపారు. ఇది కూడా ఆటలో భాగమనుకున్నారేమో, ఫోన్లు ఇంకా పైకి లేచాయి. సంతోషి పాపం తెలివైన పిల్ల. ఏదో ఉందని గ్రహించి మైకు తీసుకొచ్చి మా బావ నోటి దగ్గర పెట్టి, "సార్, కాగితంల ఉన్నదే చెప్పాలని ఏం లేదు. మీరు ఏది చెప్పినా నడుస్తది" అంది. బండ కింద వంగి ఉన్న బిచ్చా తల పైకెత్తి, "చెప్పుండ్రి సార్, ఏమైతది" అన్నాడు. నేను నా చోటి నుంచే, "అనొచ్చుగా బావా" అని అరిచాను. అక్క లేచి నిలబడి ఆయన కళ్ళలోకి చూస్తోంది. ఆయనను వద్దన్నవాడు ఆ వాకిట్లో ఒక్కడు కూడా లేడు.

ఆ మాట అంటే ఏమవుతుందో మా బావ ఆలోచించాడు, అది ఆయన మొహంలో కనపడుతూనే ఉంది. ఈ ముసలమ్మ ఎవరని జనం అడుగుతారు. మా అమ్మ అనాలి. ముత్తిగాడెవరని అడుగుతారు. మా తాత అనాలి. జరీ కోటు వేసుకుని, నెమళ్ళ కుర్చీలో కూర్చుని, ఆ వంగినవాడు మా తాత అని చెప్పాలి. అలా చెప్పాక ఆ కుర్చీలో ఆయన దొరలా కనపడడు. కోటు వేసుకున్న గొల్ల ముత్తయ్య మనవడిలా కనపడతాడు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. తల్లి వైపు చూడకుండా, పక్కనున్న జవాన్ల వైపు చూసి, "ఎవలే ఈ ముసల్ది? పక్కకు జరపుండ్రి" అన్నాడు. తర్వాత కాగితం చూసి గట్టిగా చదివాడు. "ముత్తిగాడు దొంగ. బండ పెట్టుండ్రి."

వాకిలంతా చప్పట్లతో మోగింది. ఈలలు కూడా వేశారు. ఎంత సహజంగా చేశాడోనని నా వెనక ఒకావిడ మెచ్చుకుంది. సహజంగానే చేశాడు తల్లీ, అందులో నటన ఏమీ లేదు.

జవాన్లు అత్తమ్మ మీద చెయ్యి వేయడానికి జంకారు. ఆమే పక్కకు జరిగింది. జరిగి, బిచ్చా దగ్గరికి పోయి, కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి, బలమంతా కూడదీసుకుని బండను పట్టి లేపింది. అది థర్మాకోల్. ఒక్కసారిగా చేతుల్లోకి తేలికగా వచ్చేసరికి ఆమె వెనక్కి పడబోయింది, బిచ్చాయే లేచి పట్టుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టింది. "నిలబడు బిడ్డా, నడుము పట్టేస్తది" అంది అతనితో. జనం దానికీ చప్పట్లు కొట్టారు. కాగితంలో చివరి ముక్క "దొర నవ్వుతాడు" అని ఉంది. మా బావ నవ్వాడు.

తిరుగుప్రయాణంలో మాట్లాడింది బావ ఒక్కడే. కోటు లోపల ఉక్కపోసిందన్నాడు. వీడియో మంచిగా వచ్చిందా అని కొడుకును అడిగాడు. "డిలీట్ చేసిన నాన్నా" అన్నాడు ప్రవీణ్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. బావకు కోపమొచ్చింది. నన్నడిగాడు, నేను అసలు తీయలేదన్నాను. సూర్యాపేట చేరాక కొత్త బస్టాండు దగ్గర కారు ఆపించి, అంతా చల్లబడిందనుకుని వెనక్కి తిరిగాడు.

"అమ్మా, చాయ తాగుతవా?"

"నీ దయ దొరా" అంది అత్తమ్మ.

ఆయన నవ్వాడు. తల్లి సరదాకు అందనుకున్నాడు.

ఆ రోజు నుంచి అత్తమ్మ కొడుకును పేరు పెట్టి పిలవలేదు, కొడుకా అనలేదు, బిడ్డా అనలేదు. అన్నిటికీ దొరే. కోపంగా అనదు, వెటకారంగా అనదు, చిన్నప్పుడు గడి ముందు పెద్దవాళ్ళు ఎలా అనడం విన్నదో అలాగే అంటుంది. అంతటితో పోతే మా బావ తట్టుకునేవాడే, లోలోపల కొంత సంతోషించేవాడేమో కూడా. కానీ ఆయన కుర్చీలో కూర్చుంటే ఆమె లేచి నిలబడుతుంది. మంచం మీద పడుకుని ఉన్నా సరే, కొడుకు గదిలోకి వచ్చి కూర్చున్న చప్పుడు వినపడితే చాలు. అరిగిపోయిన మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, మూలుగుతూ లేచి, గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆయన లేచేదాకా కూర్చోదు. అక్క ఏడ్చి బతిమాలింది. దవాఖానాలో డాక్టరు కూడా ఎక్కువసేపు నిలబడవద్దన్నాడు. "దొర ముంగట కూసుంటరా బిడ్డా" అని అత్తమ్మ ఆయనకే ఎదురు చెప్పింది.

మనుషులు తన ముందు నిలబడాలని జీవితమంతా కోరుకున్నవాడికి ఒక్క మనిషి నిలబడేసరికి ఊపిరి ఆడటం లేదు. సంఘం వాళ్ళు ఇంటికి వస్తే వాళ్ళ ముందే ఆమె లేచి నిలబడుతుంది, "దొర లోపలున్నడు, పిలుస్త" అంటుంది. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. గేటు లోపలి కుర్చీ తీయించేశాడు. అన్నం వంటింట్లో నిలబడి తింటున్నాడు. టీవీ చూడాలంటే గచ్చు మీద కూర్చుంటున్నాడు. నాకు నవ్వు రాలేదని అంటే అబద్ధం. కానీ గోడ పక్కన ఆ ముసలి కాళ్ళు వణకడం చూశాక ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పోయిన వారం నేను ఫ్లెక్సీ పని మీద సూర్యాపేట పోయినప్పుడు ఆయన ఓర్చుకోలేకపోయాడు. నేనూ అక్కా చూస్తుండగానే తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆమె కాళ్ళు పట్టుకున్నాడు.

"అమ్మా, ఇగ సాలు. మీ అయ్య దొంగ కాడు. ముత్తయ్య దొంగ కాడు. అన్న గద. ఇగ ఖతం చెయ్, నన్ను పేరు పెట్టి పిలువు."

అత్తమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. ఒప్పుకుందనే అనుకున్నాం.

"మా అయ్య దొంగ కాడని నాకు ఎరుకనే దొరా" అంది. "నాకు చెప్పుడెందుకు? సప్పట్లు కొట్టినోళ్ళకు చెప్పు."

పోతులగడ్డ ఎంతో దూరం లేదు. కచేరీ రోజూ జరుగుతుంది, దొర వేషం ఎవరు వేస్తారని రోజూ అడుగుతారు. ఎప్పుడంటే అప్పుడు కారు పంపిస్తానని ప్రవీణ్ ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. మా బావ ఇంకా పోలేదు. అత్తమ్మ నిన్న కూడా లేచి నిలబడిందని అక్క చెప్పింది.